పత్తికొండకు ఒకటి

ఆదోని మార్కెట్ యార్డులో
నలభై ఏండ్లు కాటా పట్టినా.
ఆ పనికి నోరు అక్కర్లేదు.
పత్తిమూట ఎక్కుతాది, ముల్లు ఆగుతాది,
పలక మీద సుద్దముక్కతో అంకె రాసి చూపిస్తే సరి.
వేలం పాడేటోళ్లు పాడతా ఉంటే
తూకానికి రాని మాటలు
నా గొంతులోనే ఉండిపాయ.

కుళ్లాయప్ప నా పేరు.
'కు' కాడ గడియ పడతాది.
ఇరవై రెండేండ్లప్పుడు
పత్తికొండలో అక్కకు కాన్పయిందని బస్సెక్కితి.
'ప' రాలేదు. పెదాలు రెండూ అతుక్కపాయ.
కండక్టరు చెవి మీది పెన్సిలు తీసి, మళ్లీ పెట్టి,
వెనకోళ్లు నవ్వి...
ఆస్పరి, అంటి.
'ఆ' నాకు సులువు. నోరు తెరిస్తే చాలు.
ఆస్పరిలో దిగి, మిగిలిందంతా నడిస్తి,
చంకన సంచిలో వెండి ఉగ్గుగిన్నె.
బస్సు తప్పిపోయిందని చెప్పినా అక్కకు.
అదీ సైగలతోనే.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకు
ఫోన్లో కూడుకుంటాం నత్తోళ్లం, పదమూడు మందిమి.
ముఖాలుండవు. గొంతులే.
ఒకరి మాటను ఇంకొకరు పూర్తి చేయకూడదు,
అదొక్కటే కట్టుబాటు.
అందులో కడప పిల్ల, మెహజబీన్,
పందొమ్మిదేండ్లు, నర్సు చదువు.
తొలినాడు తన పేరు చెప్పబోయి
మూసిన పెదాలు తెరిచేసరికి
మా వీధిలో ఐసుబండి ఈ మూల నుంచి ఆ మూలకు
గంట కొట్టుకుంటా పోయింది.
ఎవరమూ ఏమీ అనలేదు.
తర్వాత నేనంటి:
నా... నాకు తెలుసు తల్లీ ఆ గడప.

నన్ను నానా అంటాది.
వాళ్లల్లో అమ్మకు నాయన అని అర్థమంట.
"ఈ మాటలోనే నత్తి ఉంది నానా,
ఎన్నిసార్లు తగులుకున్నా ఎవరూ తప్పు పట్టలేరు"
అని పడీ పడీ నవ్వింది.
నవ్వుకు నత్తి లేదు, మా ఇద్దరికీ.

పరీక్ష ముందురోజు అర్ధరాత్రి దాకా
నేను డాక్టరు, తను పిల్ల.
నీ పేరేమి? నా ప్రశ్నే మూడు తునకలు.
గుండెకు గదులెన్ని? మందు చుక్కలెన్ని?
జవాబులన్నీ ఆమె కాడ ఉండాయి,
కాటా మీదికి ఎక్కడమే ఆలస్యం.
మర్నాడు చెప్పింది:
పేరుకు పదకొండు సెకండ్లు పట్టిందంట,
మేడమ్ గడియారం చూసిందంట.
"చూడనీ. నేను చెప్పినా" అనింది.
మార్కులు ఇంకా రాలేదు.

ఇంక నీ వంతు, అనింది.
అరవై ఏడేండ్లకు నాకేం పరీక్ష తల్లీ?
"ప... పత్తికొండ."
ఆ కథ చెప్పింది నేనే. మరిచిపోయుంటాదనుకుంటి.

సోమవారం, ఆదోని బస్టాండు.
అంగీ జేబులో ఫోను, ఫోనులో కడప.
వార్డులో నుంచి మెట్ల కాడికొచ్చి నిలబడిందంట,
మధ్యాన్నం కూడు మానుకొని.
కండక్టరు చిన్నపిల్లోడు, మెడలో టికెట్ మిషను.
యాడికి పెద్దాయనా?
పెదాలు అతుక్కునె.
అప్పటి పెదాలే, ఎనక పండ్లు లేవు, అంతే.
పక్క సీటాయన వంగి, "ఆస్పరేనా?" అనె.
దయగల మనిషే పాపం.
ఆ దయను చెయ్యెత్తి ఆపినా.
జేబులో నుంచి ఊపిరి వినపడతాంది,
తొందర లేని ఊపిరి,
నాతోపాటు ఆ 'ప' కాడ చతికిలబడి కూర్చున్నట్టు.

ప

త్తికొండ. ఒకటి.

మిషను కిర్రుమని కాగితం కక్కింది.

అక్క పోయి పదేండ్లు.
ఆమె కొడుకు ఇల్లు యాడో కూడా నాకు గుర్తులేదు.
టమోటా మండీ కాడ దిగి, రెండు మిరపకాయ బజ్జీలు తిని,
టికెట్టు నాలుగు మడతలు పెట్టి
కండ్లద్దాల పెట్టెలో దాచి,
ఫోను చెవికి పెట్టుకొని "వచ్చినా" అంటి.
అవతల చప్పుడు లేదు.
ఏ అక్షరం కాడ ఉందో.
ఉండనీ.
ఈడ గంపలు దించుతాండారు, నీడ కూడా ఉంది.
తిరుగు బస్సు ఐదున్నరకు.