రాత్రి కాటా

ఆటోనగర్‌లో ఏ బండినీ ఒక్కడే బాగుచెయ్యడు.
రేడియేటరైతే మస్తాన్ వలీ,
కమాన్ కట్టలైతే నాంచారయ్య,
సెల్ఫ్ మోటారుకి మూడో రోడ్డు చివర
బోర్డు లేని షెడ్డు.
మస్తాన్‌కి గ్యాసు అయిపోయిన రోజు
నాంచారయ్య సమ్మెట ఆగదు.
వాళ్ళ మధ్య తిరిగేదల్లా
సిగరెట్ పెట్టె అట్టమీద రాసిన చీటీ,
దాన్ని మోసే కుర్రాడు.

నా వేబ్రిడ్జి గదిలో మాత్రం
అన్నీ ఒకే కడుపులో ఉండేవి.
ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే
తెర నీలంగా బిగుసుకుపోయేది.
కాటా మీద మిర్చి లోడు,
హారన్ మీంచి చెయ్యి తియ్యని డ్రైవరు,
బరువెంతో చెప్పలేక నేను.
ఒకడు తుమ్మితే
ఊరంతా మంచం పట్టే ఏర్పాటు.

కాటా సరిచూడ్డానికొచ్చే సలోమి
ఓ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టింది.
ఎంతివ్వాలన్నాను.
"ఏమొద్దు. బానెట్‌కి సీలు లేని బండి ఇది.
విప్పు, చూడు, మార్చుకో, ఇంకొకరికివ్వు."
రసీదు వెనక చింతగింజంత చుక్క పెట్టింది.
"కెర్నల్ ఇంతే.
దీనికి ప్రింటరంటే తెలీదు, తారీఖంటే తెలీదు.
చీటీలు అందిస్తుంది.
ఒకళ్ళ జాగాలోకి ఇంకొకళ్ళని రానివ్వదు.
మిగతా వాళ్ళంతా బయట,
ఎవరి షెడ్డులో వాళ్ళు."

నడుమ కూచుని
ఇంత తక్కువ తెలిసినవాణ్ణి
నేనెప్పుడూ చూళ్ళేదు.
నాకు మొదట పనిచ్చిన యజమాని
తాళాలన్నీ మొలతాడుకే కట్టుకునేవాడు.
ఆయనకి జ్వరమొస్తే
మా అందరికీ సెలవే, జీతం లేని సెలవు.

దీన్లోనూ లోటుంది, దాచను.
ప్రతి మాటకీ చీటీ అంటే ఆలస్యమే.
వైఫై పట్టదు. పాత కీబోర్డుతోనే పని.
ఎక్కడో ఎవరో జీతం లేకుండా
రాత్రిళ్ళు రాస్తున్నారట,
ఏళ్ళుగా, ఇంకా పూర్తి కాలేదట.
అయినా ఆ చుక్కున్న రసీదు
అద్దం కింద పెట్టుకున్నాను.

నిన్న రెండింటికి సిమెంటు లారీ ఎక్కింది.
ప్రింటరు ఒకసారి మూలిగి ఊరుకుంది.
తెర అడుగున ఒకే వాక్యం:
ప్రింటర్ డ్రైవర్ పడిపోయింది.
ఊపిరి బిగబట్టాను.
పైన అంకె చెదరలేదు,
ఇరవై ఏడు వేల నాలుగొందల అరవై.
గడియారం తన సెకన్లు తాను లెక్కపెట్టుకుంటోంది.
ఇంకో వాక్యం:
మళ్ళీ లేచింది.
కరకరమంటూ రసీదు.

బయటికెళ్ళి తలుపు తట్టాను.
స్టీరింగ్ మీద తల ఆనించి నిద్రపోతున్నాడు,
బుగ్గ మీద చక్రం అచ్చు.
"ఏంటన్నా ఇంతసేపు?"
"నీలాంటి డ్రైవరే ఒకడు
లోపల కునుకు తీశాడు.
లేపాల్సొచ్చింది."
చీటీ అందుకుని
సగం అర్థమైనట్టు నవ్వి
గేరు వేశాడు.