గిలక

ముందే చెప్తున్నా, ఆ పిట్ట మీద నాకేమంత ప్రేమ లేదు.
పదకొండేళ్లు దాని రెట్ట కడిగింది నేను.
నల్ల జిగురుబియ్యం ఏరి ఆరబోసింది నేను.
పేరు పెట్టి, పొగిడి, పొద్దున్నే
ఆకాశానికి ఎక్కించింది మాత్రం సమిజన్.

ఒంటినిండా చారలున్న గువ్వ.
వాళ్లమ్మ నేసిన చారల గుడ్డ పేరే
దానికీ పెట్టుకున్నాడు, లూరిక్ అని.
ఏడు మీటర్ల వెదురు గడ, కొసన గిలక.
తాడు లాగుతుంటే పంజరం
కిర్రు కిర్రుమంటూ రేకుల కప్పులు దాటి
కరెంటు తీగలు దాటి
మసీదు మైకు పక్కన ఆగేది.
అప్పుడు కూసేది. చివర్లో ఒక్క 'కుంగ్'.
ఆ ఒక్క ముక్క కోసం
టీ చల్లారబెట్టుకునేవాడు ఈ మనిషి.

చిలివుంగ్ ఒడ్డున మా సందు ఇక ఉండదన్నారు.
పద్నాలుగో అంతస్తులో రెండు గదులిచ్చారు,
తాళాలతోపాటు ఓ కాగితం.
మేకులు కొట్టరాదు. తడిబట్టలు కటకటాల మీద వేయరాదు.
కోళ్లు, పిల్లులు, పక్షులు నిషేధం.
సమిజన్ కళ్లజోడు పెట్టుకుని
చివరి ముక్క మూడుసార్లు చదివాడు.
"గువ్వ కూడా పక్షి కిందికే వస్తుందా?"
ఆఫీసు కుర్రాడు నవ్వాడు. మంచివాడే పాపం.
"నిషేధం లేదనుకోండి బాబాయ్,
గడ ఎక్కడ పాతుతారు?"
సమిజన్ చెయ్యెత్తాడు.
పైకప్పు తగిలింది.

పిట్టల సంత నుంచి ఒకడొచ్చి
కాలి పొలుసులు లెక్కపెట్టాడు.
ఎనిమిది లక్షల రూపియాలన్నాడు.
ఇచ్చెయ్ అన్నాను. నేనే అన్నాను.
"పొద్దున ఎన్నింటికి లేస్తావు?" అడిగాడు సమిజన్.
"తొమ్మిదికి."
బేరం అక్కడితో సరి.
మా మరిదికి రెండు పిల్లులు.
ఆ మాట ఎత్తనే లేదు.

చివరికి మర్సూది, ఖబరస్తాన్‌లో గడ్డి కోసేవాడు.
ఈ ఊళ్లో ఇంకా నాలుగు గజాల ఆకాశం
చచ్చినవాళ్లకే మిగిలింది.
ఎడమ చెవి వినపడదు అతనికి,
కూత వినడానికి ఒకటి చాలన్నాడు.

గడను నలుగురు మోశారు.
మలుపులో ఇరుక్కుంది.
మంగలి కొట్టు కిటికీలోంచి ఒక కొస లోపలికి తోసి,
గడ్డం గీయించుకుంటున్నాయన సబ్బు నురగతోనే తల వంచితే
వెనక్కి తిప్పి బయటికి లాగారు.
వెనకాల నేను, గుడ్డ కప్పిన పంజరంతో.
అంత తేలికా?
అన్నేళ్లూ నేను విసుక్కున్న బరువు
వెదురు పుల్లలదేనా?

దేవగన్నేరు చెట్ల మధ్య, సమాధులకు కాస్త ఎడంగా
గడ పాతాక అప్పగింతలు మొదలయ్యాయి.
వానొస్తే దించు. గోళ్లు నెలకోసారి చూడు.
అజాన్ అయ్యేదాకా కూయదు, తొందరపెట్టకు.
ఎవరైనా ఏడుస్తూ వస్తే
గుడ్డ కప్పు, బెదురుతుంది.
మర్సూది తలూపుతూనే ఉన్నాడు.
చెప్పేదంతా ఎడమ చెవి వైపని
నేను గుర్తు చేస్తే
ఇటు వచ్చి నిలబడి
మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

ఇక్కడ ఆకాశానికి కొదవ లేదు.
కిటికీ తీస్తే ముఖాన కొడుతుంది.
ఎక్కించడానికే ఏమీ లేదు.
సమిజన్ అయిదింటికి లేచి
లిఫ్టులో కిందికెళ్లి, ఊరికే పైకొస్తాడు.

ఆదివారం మర్సూది ఫోన్ చేశాడు.
స్పీకర్ పెట్టాం. గాలి. ఎక్కడో పార చప్పుడు.
పిట్ట ఊసే లేదు.
"కొత్త కదా" అన్నాడు సమిజన్, ఎవరితోనో.
ఇంతలో
కిర్రు, కిర్రు, కిర్రు.

"గిలక ఎండిపోయినట్టుంది మర్సూదీ,
రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యి."

"వద్దు," అన్నాను పొయ్యి దగ్గర్నుంచి,
గట్టిగా,
అతని కుడిచెవికి వినపడేలా.