లోపలి మడత

సల్మాబాద్ మూడో గల్లీ. ఆగస్టు.
షట్టర్ సగం దించినా చెమట ఆగదు,
గాలిల నీళ్లున్నయ్, నీళ్లల్ల ఉప్పుంది.
అబూ యూసుఫ్ తోసుకొచ్చిండు
తన ఎనభై రెండు మోడల్ బండిని.
నడవక కాదు,
ఎడమ ఇండికేటర్ వేస్తే హారన్ మోగుతదట,
హారన్ నొక్కితే ఏదీ మోగదట.
"రౌండబౌట్ కాడ నన్నే తిడుతున్నరు రఫీక్,
నేను తిట్టకముందే."

కొత్త సెట్టు చైనాది, ఆరు దీనార్లు. చూపించిన.
బొటనవేలు ఆనించి చూసి తిరిగిచ్చిండు,
పెళ్లికాడ వేరేటోని చెప్పులు తొడుక్కున్నోని లెక్క
మొహం పెట్టి.

సరే.
రెండు స్క్రూలు. ఒకటి వచ్చింది.
రెండోది తల అరిగి, ఉప్పు పట్టి, మొండికేసింది.
డీజిల్ చుక్క వేసి, పోయి చాయ్ తాగొచ్చిన.
బతిమిలాడితే రానిది నానబెడితే వస్తదని
మా మేస్త్రి పోశాలు అనేటోడు.
ఆయన అన్నది బాకీల గురించి.

చిప్ప విప్పుడే ఆలస్యం,
ఆవగింజంత గోళీ, దాని ఎనుక స్ప్రింగు
టప్పున ఎగిరిపోయినయ్.
నేనూ, పిలగాడు ఇంతియాజూ మోకాళ్ల మీద
పాత స్పీకర్ అయస్కాంతంతో నేలంతా ఊడ్చినం.
దొరికినయ్: దోసెడు ఇనుప రజను, ఒక సూది,
పోయిన నెల తిట్లు తిని మరిచిపోయిన వాషరు.
స్ప్రింగు టైరు సందున.
గోళీ నా చెప్పుకే అంటుకొని ఉంది.

రాగి రేకుల మీద పచ్చటి చిలుము.
బడిపిల్లల రబ్బరుతో రుద్దిన,
సాండ్ పేపర్ తినేటందుకు అండ్ల రాగి ఎంతుందని?
తెగిన తీగకు టంకం పెట్టి ఊదిన.

అప్పుడు చూసిన,
హారన్ బటన్ కింద ఏదో మడత.
పట్టకారుతో లాగితే కాగితం,
నూనె తాగి నల్లబడ్డది, నాలుగు మడతలు.
అరిగిన బటన్ రేకుకు అందక ఎవడో పెట్టిండు.
మెల్లగ విప్పితే
గులాబీ రంగు, సగం కోడిపుంజు,
కింద మన అక్షరాలు: "రుట్ల బీడీ".
ముందరి "కో" చిరిగిపోయింది.

"ఏం రాసుంది ఉస్తాద్?"
"మా పక్కూరు."
ఇంతియాజ్‌కు నవ్వాగలేదు. "స్విచ్చిల ఊరా?"

నాకంటె ముందు ఎవడో
ఈ దీవికొచ్చి, ఈ ఎడమ హాండిల్ ముందట
గొంతు కూసున్నడు.
మిగిలిన బీడీ అంటించి, కట్ట కాగితం చింపి,
మడిచి, నొక్కి,
పనైతది పో అనుకున్నడు.
పేరు రాయలేదు. స్విచ్చిల ఎవడు రాస్తడు?
మడత మాత్రం గుర్తుపట్టిన.
మా లసుమక్క తునికాకు చుట్టి
కొన ముడిచే మడత అది,
గోరుతో లోపలికి, మళ్ల ఒక్కసారి లోపలికి.
వెయ్యికింత అని చుట్టి చుట్టి
ఆమె బొటనగోరు నడుమ గుంటపడ్డది,
అచ్చం ఈ బటన్ లెక్కనే.

"ఇది ఇంతకుముందు ఎవరు బాగుచేసిండ్రు బాబా?"
"చాన ఏండ్లాయె. సన్నటోడు. ఊకె దగ్గేటోడు.
పైసలొద్దన్నడు, ఖర్జూరాలు తీసుకున్నడు."
"పేరు?"
అబూ యూసుఫ్ గడ్డం గోక్కున్నడు.
"నిన్ను పిలిచినట్టే పిలిచిన.
రఫీక్ అని."

కాగితం ఇంక పనికిరాదు, పర్సుల పెట్టుకున్న.
దాని జాగల ఫోను కార్డు ముక్క, కత్తెరతో కోసి.
పెట్టేముందు సూదిమొనతో
దాని మీద "కో" అని గీసిన.
గ్రీసు కొంచెం. స్ప్రింగు. గోళీ.
ఊపిరి బిగబట్టి చిప్ప మూసిన.

హారన్ కొడితే గల్లీ అంతా తిరిగి చూసింది,
పికప్ కింద పిల్లి ఎటు పోయిందో.
ఒకటిన్నర దీనార్ అడిగిన. ఒకటిచ్చి
మిగిలింది రేపన్నడు. రేపు అంటే తెలుసు కద.

పోయేటోన్ని ఆపి చెప్పిన,
ఇండికేటర్ మలుపు తిరిగినంక తనంతట తాను ఆగదు,
ఆ మోడల్ అంతే.
బొటనవేలితో నువ్వే ఆపుకోవాలె.