ఇరవై ఆరు పౌండ్లు

కత్తి ఇవ్వలేదు, ముందు కాటా చూపించాడు ఎన్నిస్ కాడిల్.
వాగు చేపల్ని తూచే పాత కాటా,
దాని కొక్కేనికి అడ్డంగా వేలాడుతూ హికరీ బద్ద.
"బరువు తగ్గడం ఎప్పుడు మానేస్తుందో ఆ వారం చెప్పు, రేతా.
అప్పుడు మొదలెడదాం."

ఆదివారం ఆదివారం వెళ్ళి తూచాను.
పొయ్యికి పైన, దూలాల మధ్య,
ఆ చెట్టు తాగిన వానల్ని
చుక్క చుక్కగా తిరిగిచ్చేస్తోంది
గొణుక్కుంటూ అప్పు తీర్చే మనిషిలా.
ఫిబ్రవరి మూడో వారం ముల్లు కదల్లేదు.

"వీపు ముట్టుకోకు" అన్నాడు.
విల్లుకి వీపుంటుంది, కడుపుంటుంది.
వీపంటే బెరడు కింద
చెట్టు తన ఆఖరి ఏడాది కప్పుకున్న పొర.
అక్కడ గోరంత తెగినా విల్లు విరుగుతుంది.
చెక్కేదంతా కడుపులోనే.
మనుషులూ అంతే అంటాడేమోనని చూశాను.
అనలేదు. దగ్గాడు.

ముప్పై ఒక్కేళ్ళు గనిలో పీల్చిన బొగ్గుదుమ్ము
ఆయన ఛాతీలో ఇంకా షిఫ్టు దిగలేదు.
ముక్కు కింద సన్నటి గొట్టం,
కాళ్ళ దగ్గర సిలిండరు,
ముసలి పిల్లిలా బుసకొడుతూ.

రెండు పిడుల కత్తిని నా వైపు లాక్కోవడం,
ఒళ్ళోకి రాలే లేత చుట్టలు,
వేయించిన గింజల వాసన.
"చూడకు, విను.
గరగరమంటే నారకి ఎదురెళ్తున్నావు.
సుయ్‌మంటే సరే."
విన్నాను. కత్తి చప్పుడు,
దాని వెనకే ఆయన ఊపిరి.
ఏది ఏదో తెలియని మధ్యాహ్నాలు కొన్ని.

తర్వాత గోడకి కప్పీ, తాడు.
నేను లాగితే విల్లు వంగేది.
ఆయన ఒక కన్ను మూసి,
"ఎడమ రెక్క బిర్రుగా ఉంది."
గీశాను.
"చాలు. ఇప్పుడు కుడి."
గీశాను.
ఆయన కుర్చీలోనే నిద్రపోయాడు.

అప్పుడు ఆపాల్సింది.
నాకు నలభై ఐదు కావాలి, జింకకి సరిపడా.
కుడి కాస్త పల్చబడింది,
దానికి సరిపెడదామని ఎడమ,
ఎడమకి జవాబుగా మళ్ళీ కుడి,
పిల్లులకి రొట్టె పంచిన కోతిలా
సమానం చేస్తూ చేస్తూ
మొత్తం నేనే తినేశాను.

ఆయన లేచేసరికి నా చెప్పులు పొట్టులో మునిగిపోయాయి.
కాటాకి తగిలించి లాగాం.
ఇరవై ఆరు.
తిట్టుంటే బాగుండేది.
"గీసింది అతకదు" అన్నాడు,
రేపు వాన పడుతుంది అన్నట్టు.

అయినా వదల్లేదు. పంది కొవ్వు రాయించాడు,
నారతాడు పేనించాడు, మైనం పట్టించాడు.
ఎందుకు, ఎవరికి అని నేను అడగలేదు.
తలుపు వెనక నిలబెట్టి
రెండు వారాలు దానికేసి చూడలేదు.

గోడ మీద ఆయన చేసినవి తొమ్మిది విళ్ళు.
యాభై, యాభై ఐదు, ఒకటి అరవై రెండు.
ఈ పదకొండేళ్ళలో ఒక్కటీ ఆయన మాట వినలేదు.
దుమ్ము మాత్రం ఆయనే తుడుస్తాడు.

డాగ్‌వుడ్ పూసిన వారం,
పెరట్లోంచి అరిచాడు, "దాన్ని పట్రా."
గొట్టాన్ని చెవి వెనక్కి తోసుకుని
లేచి నిలబడ్డాడు.
సిలిండరు నేను పట్టుకున్నాను.
ఆయన భుజాలు ఏదో పాత దారి వెతుక్కుంటున్నట్టు
కాస్త కదిలి, ఆగి, తెరుచుకున్నాయి.
నారి ఛాతీ దాటింది, గడ్డం దాటింది,
దవడ ఎముక కింద ఆగింది.
అక్కడే కాసేపు ఉంది.

బాణం గోనెబస్తాని వదిలేసి
కోళ్ళగూటి తలుపులో దిగింది.
కోళ్ళు ఊరంతా వినేలా రచ్చ చేశాయి.

బకెట్టు బోర్లించి కూర్చోబెట్టాను.
మొహం నీలంగా ఉంది, ఒళ్ళంతా ఊగిపోతోంది.
నవ్వో, ఆయాసమో నాకు తెలియలేదు.
చాలాసేపటికి అన్నాడు,
"ఎడమ రెక్క ఇంకా బిర్రే."
ఇంకో బాణం కోసం చెయ్యి చాపాడు.