నాలుగో పేజీ

లిస్మోర్ లైబ్రరీ మూసే వేళ.
ప్రింటు పేజీకి ఇరవై సెంట్లు.
నా గుప్పిట్లో అరవై.

హాలిస్ టీచర్ చెప్పినట్టే
పన్నెండు సైజు అక్షరం,
లైనుకీ లైనుకీ రెట్టింపు ఎడం.
అయినా మా వరద వ్యాసంలో ఆఖరి మాట
‘నీళ్ళు’
నాలుగో పేజీ నెత్తిన
ఒంటరిగా తేలుతోంది.

మార్జిన్ కాస్త నొక్కితే?
ఆవిడ స్కేలు పెట్టి కొలుస్తుంది.

ఏదో ఒక మాట పోవాలి.
రాశాక మొదటిసారి చదివాను.
బురద ఉండనీ.
పక్కింటి మార్లీన్ పడవ ఉండనీ.
ఫ్రిజ్ మీదెక్కిన పిల్లి, అది ఉండాల్సిందే.

‘నిజంగా చాలా భయపడ్డాం’ దగ్గర
కర్సర్ కొట్టుకుంటూ ఆగింది.
నిజంగా తీసేశాను.
చాలా కూడా.

భయపడ్డాం.

ఆ రాత్రి మా మెట్లెక్కినట్టే
చప్పుడు లేకుండా
మూడో పేజీలోకి ఎక్కేశాయి
నీళ్ళు.