నూట పద్దెనిమిదో పేజీ

లడ్మిలా హ్రబోవ్‌స్కీ వంటింటి సొరుగులో
పట్టణ నీటి శాఖ బాండు ఒకటుంది.
దాన్ని ఆమె "ఫ్రాంటా వేళ్ళు" అంటుంది.
గాజు ఫ్యాక్టరీ యంత్రం మొగుడి మూడు వేళ్ళు తీసుకుని
నలభై వేల డాలర్లు ఇచ్చింది.
బ్యాంకులో టై కట్టుకున్న కుర్రాడు చెప్పాడట:
"నీళ్ళ మీద పెట్టండమ్మా.
మనిషి సినిమా మానేస్తాడు, సిగరెట్టు మానేస్తాడు,
నీళ్ళు మానడు గదా."

నేను మీటర్లు చూసేవాణ్ణి.
ఈ హార్లన్స్ ఫెర్రీలో ఏ ఇంట్లో ఎన్ని స్నానాలో,
ఎవరింట కొత్తగా ఎవరు చేరారో, ఎవరు విడిపోయారో
ముల్లు చూసి చెప్పగలను.
అందుకే ఆ కుర్రాడి మాటకు నవ్వొచ్చింది.
మనిషి నీళ్ళు మానడు,
ఊరు మానేస్తాడు.

ఫ్యాక్టరీ పోయింది. దాని వెనక వీధులు పోయాయి.
జనం సగమయ్యారు.
నేల కింద గొట్టాలు మాత్రం సగం కాలేదు.
తాతల నాటి పొడవుతోనే
ఖాళీ ఇళ్ళ గుమ్మాల దాకా నీళ్ళు మోసుకెళ్ళి
అక్కడెవరూ లేకపోతే మట్టిలో ఒలకబోస్తున్నాయి.
వంద గ్యాలన్లు పంపుతాం. ముప్పై ఎనిమిది ఎటు పోతాయో
మా ఇంజనీరు గాలహర్‌కే తెలియదు.

వచ్చిన సొమ్ములో ముందు మా జీతాలు, కరెంటు, క్లోరిన్.
తర్వాత లడ్మిలా లాంటివాళ్ళ వడ్డీ.
ఆపైన మిగిలితే గొట్టాలకు.
మిగలదు.
గొట్టాలు కారతాయి, కారితే రాబడి తగ్గుతుంది, తగ్గితే...
ఇంక చెప్పక్కర్లేదు.

పోయిన వేసవిలో రేటింగు రెండు మెట్లు దిగిందని ఉత్తరం.
బాండుతో పాటిచ్చిన లావుపాటి పుస్తకం తీసి,
నాకు కాఫీ పోసి, భూతద్దం పెట్టి చదివి వినిపించింది.
నూట పద్దెనిమిదో పేజీ.
వినియోగదారులు తగ్గవచ్చు.
చార్జీల పెంపును కౌన్సిల్ తోసిపుచ్చవచ్చు.
సీసపు గొట్టాలు మార్చమని ప్రభుత్వం ఆదేశించవచ్చు.
నిల్వ నిధి చాలకపోవచ్చు.
అమ్ముకుందామంటే కొనేవాళ్ళు దొరక్కపోవచ్చు.
"పద్నాలుగేళ్ళు డబ్బు వచ్చు, వచ్చు అనుకున్నాను," అంది,
"ఇక్కడున్న వచ్చులన్నీ వేరే వచ్చులు."

ఫోన్ చేస్తే బ్రోకరు డాలరుకు అరవై ఒక్క సెంట్లన్నాడు.
బిల్లు వెనక లెక్కేసుకుని పెన్సిలు కింద పెట్టింది:
"రెండో వేలు కూడా పూర్తిగా రాదు."

అక్టోబరులో టౌన్‌హాల్లో మీటింగు.
వంద డాలర్ల బాకీకి నూట పాతిక రాబడి చూపిస్తామని
బాండు పత్రంలో ఒప్పుకున్నాం. నూట నాలుగే చూపిస్తున్నాం.
కనుక బిల్లు ముప్పై ఒక్క శాతం పెంచాలి.
వద్దనేవాళ్ళు? అంటే
హాలు హాలంతా చేతులు.
నిల్వ నిధి ఏమైందని వెనక నుంచి ఎవరో అరిచారు.
కోశాధికారి నీళ్ళు నమిలాడు,
అవీ దుకాణంలో కొన్న సీసా నీళ్ళు.
లడ్మిలా చేతులు రెండూ ఒళ్ళో సంచీ మీదే ఉన్నాయి.
పక్క కుర్చీలో వెర్లీన్ టిబ్స్, ఎత్తిన చెయ్యి దించకుండానే,
ఒకసారి ఆమెకేసి చూసింది.

పెంచారు.

డిసెంబరు చీటీల్లో వెర్లీన్ ఇల్లుంది.
మంచు తవ్వి, ఇనప మూత ఎత్తి,
పొడుగాటి తాళంచెవి దింపి పావు చుట్టు తిప్పాను.
అంత పెద్ద అప్పుకి
ఇంత చిన్న చప్పుడు.

జనవరి రెండున లడ్మిలాకు
తొమ్మిది వందల డాలర్లు వచ్చాయి, ఒక్క సెంటు తగ్గకుండా.

ఫిబ్రవరిలో ఆమె మీటరు చూశాను.
ఒంటరి మనిషి వాడకం కాదది. నాలుగు ప్రాణాలది.
మెట్ల మీద బకెట్లు ఒలికిన చోట మంచు గడ్డకట్టి ఉంది.
కోసేసిన ఇంటికి నీళ్ళివ్వకూడదని మా నిబంధన.
"ఎవరైనా చుట్టాలొచ్చారా?" అన్నాను.
ఈసారి ఆమె నీళ్ళు నమిలింది.

అంకె ఉన్నదున్నట్టు రాసుకున్నాను.
ఆ బిల్లు ఆమెకే వెళ్తుంది.
అందులోంచి జులైలో కొంత
తిరిగి ఆమెకే వస్తుంది.
రావచ్చు.