గంటల గడి

సీలు వేసిన కవరు, నంబరు ముప్పై ఏడు.
లోపల ఏ జత మందులున్నాయో
నాకు తెలీదు, డాక్టరమ్మకీ తెలీదు,
మింగిన నూకరత్నానికి అసలే తెలీదు.
తెలియకపోవడమే ఈ పరీక్షకి న్యాయమని
శిక్షణలో మూడు రోజులు చెప్పారు.

పెదజాలారిపేట మనిషి.
పందొమ్మిదో వారం స్కానింగులో
కపాలం కట్టుకోలేదని తేలింది.
ఆ మాట డాక్టరమ్మ నాలుగు రకాలుగా చెప్పింది.
నాలుగోసారి నూకరత్నమే అడ్డుపడింది:
"పైకప్పు పడనేదన్నమాట. ఇంక సెప్పకమ్మా."

సమ్మతి పత్రం మీద వేలిముద్ర వెయ్యనంది.
సంతకం నేర్చుకుందట, సంతకమే పెడతానంది.
ఆరు అక్షరాలకి చాలాసేపు పట్టింది.
ఆ సేపుకి నా పట్టికలో గడి లేదు.

మొదటి మాత్ర మొన్న.
రెండో రకం ఇవాళ మధ్యాహ్నం రెండింటికి.
అక్కణ్ణించి గడియారం నా పూచీ.
నొప్పి ఎంత, సున్నా నుంచి పదిలో చెప్పమంటే
"యేట నిషేధం నెలల్లో అప్పెంతుంటాదో అంత" అంది.
ఎనిమిది అని రాశాను.
కొట్టేసి తొమ్మిది చేసి
పక్కన పొడి సంతకం పెట్టాను. రూలు.

కిటికీ ఊచల మీద ఎర్రటి ఖనిజం ధూళి.
డాల్ఫిన్ నోస్ మీది దీపం
చుట్టు తిరిగి ఇటొచ్చినప్పుడల్లా
నూకరత్నం పళ్ళు బిగించేది.
"దానికేటి, మళ్ళీ వొచ్చేస్తాది" అంది ఒకసారి.
దేని గురించో నేనడగలేదు.

రాత్రి డ్యూటీకొచ్చిన ఆయా సన్యాసమ్మ
నా కాగితంలోకి తొంగి చూసి నవ్వింది.
తను చేరిన కొత్తలో
రెండు పగళ్ళు, రెండు రాత్రులు పడేవారట ఒక్కొక్కరు.
మరి ఆ గంటలన్నీ ఎవరు రాశారన్నాను.
"ఎవులు రాస్తారు? ఎవులొంట్లోవి ఆలొంట్లోనే ఉండిపోనాయి"
అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

హార్బరు నుంచి బోట్లు కదిలే చప్పుడు.
మూడు ఇరవైకి అయింది.
పదమూడు గంటల ఇరవై నిమిషాలు.
రక్తస్రావం: మామూలు.
చూస్తావా అంటే తల అడ్డంగా ఊపింది,
తర్వాత గుడ్డ మీద చెయ్యి వేసి
కాసేపు అలాగే ఉంచింది.
ఇదీ రాయలేదు నేను.

తెల్లారి టీ తాగుతూ అడిగింది:
"నాకు మంచి జతే పడ్డాదా?"
కవర్లు నూట ఇరవై అయ్యాక గానీ విప్పరన్నాను.
"ఇప్పినప్పుడు ఫోను సెయ్యి.
నా ఎనకాల వొచ్చినోళ్ళకి ఎన్ని గంటలు తగ్గాయో సెప్పు.
పగలే సెయ్యి, సాయంత్రం ఫోను మా ఆయన కాడుంటాది."

రోగి పేరు, నంబరు ఈ కాగితం మీద
ఎక్కడా కనిపించకూడదని మొదటి పేజీలోనే ఉంది.
పట్టిక తిప్పి వెనక వైపు
పెన్సిలుతో పది అంకెలు రాసుకున్నాను.

ముప్పై ఎనిమిది
వరండాలో కూర్చుని ఉంది.